పాత కంప్యూటరుకు మరో ఆపరేటింగ్ సిస్టమ్: ఉన్నది చెరపకుండా పరీక్షించి ఎంచుకునే పద్ధతి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ అందిస్తూ వచ్చిన మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ సదుపాయమూ, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 వరుస నుంచి మొదలయ్యే ప్రాసెసరూ ఉండాలి కనుక, 2015, 2016 ప్రాంతంలో కొన్న ల్యాప్‌టాప్‌లు ఎంత చక్కగా నడుస్తున్నా ఆ గడప దాటలేవు. ఇంట్లో వాడుకునేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా అదనపు అప్‌డేట్లు పొందే ఏర్పాటు ఉన్నది గానీ, అది గడువు పొడిగింపే. అటువంటి యంత్రం చేతిలో ఉన్నవారు వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, ముఖ్యంగా లినక్స్ కుటుంబంలోని ఒకదాన్ని, ఎలా ఎంచుకోవాలో, అందులోని ఫైళ్లకు ఏ ముప్పూ రాకుండా దాన్ని ఎలా పరీక్షించాలో ఇక్కడ వివరిస్తాను.

చాలామంది "అన్నింటిలోకీ ఏది మంచిది?" అని అడుగుతూ మొదలుపెడతారు. ఆ ప్రశ్నకు ఎవరి జవాబు వారిది. నా అనుభవంలో పనికొచ్చిన ప్రశ్న వేరు: "ఇది పెట్టుకుంటే నా పనుల్లో ఏవి ఆగిపోతాయి?" దానికి జవాబు ఇతరుల అభిప్రాయాల్లో దొరకదు, మన యంత్రం మీద నడిపి చూస్తేనే దొరుకుతుంది. పైగా నడిపి చూడడానికి ఒక పెన్‌డ్రైవ్ తప్ప ఖర్చేమీ లేదు.

ముందు పనుల పట్టిక

ఒక వారం పాటు కంప్యూటరు పక్కన కాగితం పెట్టుకొని, దాని మీద చేసిన ప్రతి పనినీ రాసుకోండి. బ్యాంకు లావాదేవీలు, రైలు టికెట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, వాట్సాప్ వెబ్, పిల్లల ఆన్‌లైన్ పాఠాలు వంటివి బ్రౌజరులో జరిగేవే కనుక, ఫైర్‌ఫాక్స్ గానీ క్రోమ్ గానీ నడిచే ఏ సిస్టమ్‌లోనైనా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. పట్టికలో ఎక్కువ భాగం ఇవే ఉన్నాయని తేలితే సగం చిక్కు తీరినట్టే.

మిగిలిన సగంలోనే అసలు సంగతి ఉన్నది. ట్యాలీలో లెక్కలు రాసేవారికి లినక్స్‌లో నడిచే ట్యాలీ లేదు. అను స్క్రిప్ట్‌తో పేజ్‌మేకర్‌లో శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు కూర్చే డీటీపీ వారి ఇబ్బంది ఇంకా లోతైనది. అను ఫాంట్లలోని తెలుగు యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చిన ఏర్పాటు అది. అందువల్ల ఆ ఫాంట్లు లేని చోట ఆ ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులే కనబడతాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చిన పాఠాన్ని మళ్ళీ ప్రూఫు చూసుకోక తప్పదు. టెండర్లు వేసేవారు, ఆడిటర్లు వాడే డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్లకు కొన్నింటికి లినక్స్ డ్రైవర్లు ఉన్నాయి, కొన్నింటికి లేవు, కనుక టోకెన్ పేరు చూసి ముందే విచారించుకోవాలి. విద్యార్థులపై నిఘా ఉంచే ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ చాలావరకు విండోస్‌నూ మాక్‌నూ మాత్రమే అంగీకరిస్తుంది. ఆటల విషయానికి వస్తే, స్టీమ్ అనే ఆటల దుకాణంలోని ప్రోటాన్ సాఫ్ట్‌వేర్ 2018 నుంచి విండోస్ ఆటలను చాలా నడిపిస్తున్నది గానీ, వలోరంట్ వంటి మోస నిరోధక ఏర్పాటు గల ఆటలు లినక్స్‌లో నడవవు.

వైన్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడపవచ్చునన్న మాట నిజమే. అయితే అప్పుడప్పుడూ వాడే చిన్న ప్రోగ్రాముకు దాన్ని నమ్ముకోవచ్చు గానీ, పొట్టకూటికి ఆధారమైన ప్రోగ్రామును దాని మీద వదిలేయమని నేను సలహా ఇవ్వను. అటువంటి పని ఒక్కటి ఉన్నా ఆ యంత్రంలో విండోస్‌ను ఉంచుకొని, రెండో సిస్టమ్‌ను పక్కన పెట్టుకోవడమే క్షేమం.

యంత్రం గురించి తెలుసుకోవలసినవి

విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అనే భాగాన్ని తెరిస్తే ప్రాసెసరు పేరు, ర్యామ్ ఎంత, బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాము) పద్ధతి పాతదా, కొత్తదైన యూఈఎఫ్ఐనా, గుర్తింపు ఉన్న సిస్టమ్‌నే మొదలుకానిచ్చే సెక్యూర్ బూట్ పనిచేస్తున్నదా అన్నవి కనబడతాయి. డివైస్ మేనేజరులో వైఫై కార్డు, గ్రాఫిక్స్ కార్డు పేర్లు రాసుకోండి. ఇంటెల్ వైఫై అయితే సాధారణంగా దిగులు లేదు. కొన్ని బ్రాడ్‌కామ్ కార్డులకు డ్రైవరు విడిగా వేసుకోవాలి, దాన్ని దింపుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, ఆ ఇంటర్నెట్ రావలసింది ఆ వైఫై ద్వారానే. ఈ చిక్కుముడికి విరుగుడు మీ ఫోనే. యూఎస్‌బీ తీగతో ఫోనును కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే, ఏ డ్రైవరూ వేయకుండానే నెట్ అందుతుంది.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. యంత్రం నెమ్మదిగా ఉన్నదన్నదే మీ ఫిర్యాదు అయి, అందులో ఇంకా తిరిగే హార్డ్‌డిస్కే ఉంటే, మొదట మార్చవలసింది ఆపరేటింగ్ సిస్టమ్‌ను కాదు, ఆ డిస్కును. తిరిగే భాగాలు లేని సాటా ఎస్‌ఎస్‌డీ డిస్కు ఒకటి వేసి, ర్యామ్‌ను 4 జీబీ నుంచి 8 జీబీకి పెంచితే వచ్చే తేడా ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మార్పిడితోనూ రాదు. తీసేసిన పాత డిస్కు చేసే ఉపకారం ఏమిటో చివరలో చెబుతాను.

గంతకు తగ్గ బొంత

లినక్స్ అనేది నిజానికి 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగం) పేరు. దాని చుట్టూ మిగిలిన సాఫ్ట్‌వేర్‌ను కూర్చి మనకు అందించే కూర్పులనే డిస్ట్రోలు అంటారు. అవి వందల్లో ఉన్నాయి, కానీ మొదటిసారి వచ్చినవారు నాలుగైదింటిని మించి చూడనవసరం లేదు.

విండోస్ అలవాటైన చేతికి నేను మొదట ఇచ్చేది లినక్స్ మింట్. కింద టాస్క్‌బారు, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, అన్నీ అలవాటైన చోట్లనే ఉంటాయి. ఇది 2006 నుంచి వస్తున్నది. 2024లో వచ్చిన మింట్ 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు అందుతాయి. కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ చోటు చాలునని తయారీదారులు అంటారు, హాయిగా వాడుకోవాలంటే 4 జీబీ, 100 జీబీ ఉండాలనీ వారే చెబుతారు. ఇందులో సినమన్, మాతే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రూపాలున్నాయి. 4 జీబీ యంత్రానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ, 8 జీబీ యంత్రానికి సినమన్ సరిపోతాయి. ఉబుంటు 2004లో మొదలైంది, దాని దీర్ఘకాలిక కూర్పు రెండేళ్ళకొకసారి ఏప్రిల్‌లో వస్తుంది, ఒక్కొక్కదానికి ఐదేళ్ళ అప్‌డేట్లు ఉంటాయి. దాని తెరరూపం విండోస్‌ను పోలి ఉండదు, కొత్తది నేర్చుకోవడానికి ఇష్టపడేవారికి అది అడ్డు కాదు. 1993 నాటి డెబియన్ వీటన్నింటికీ తల్లివేరు వంటిది, స్థిరమైనది, మార్పులు నిదానంగా వస్తాయి. అయితే 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13తో 32-బిట్ యంత్రాలకు ఇన్‌స్టాలరు ఇవ్వడం ఆగిపోయింది, కనుక అంత పాత యంత్రం ఉన్నవారు యాంటీఎక్స్ వంటి తేలికపాటి డిస్ట్రోలను చూడాలి. ఫెడోరా ఆరు నెలలకొకసారి కొత్త కూర్పును తెస్తుంది, ఒక్కొక్క కూర్పుకు పదమూడు నెలల ఆయుష్షు మాత్రమే, అందువల్ల తరచూ మార్చుకునే ఓపిక లేనివారికి అది తగదు.

మామూలు లినక్స్ డిస్ట్రోలు కానివీ ఉన్నాయి. బ్రౌజరే లోకమైన ఇంటికి గూగుల్ క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ సరిపోవచ్చు, అయితే అందులో ప్లే స్టోరు యాప్‌లు ఉండవు, ఇన్‌స్టాల్ చేస్తే డిస్కు మొత్తం తుడిచిపెడుతుంది. బీఓఎస్ అనే పాత సిస్టమ్ స్ఫూర్తితో 2001లో మొదలైన హైకూ చూడముచ్చటగా, చురుగ్గా ఉంటుంది గానీ ఇంకా బీటా (పరీక్ష) దశలోనే ఉన్నది, సరదాకు నడపండి. విండోస్ ప్రోగ్రాములను నేరుగా నడపాలన్న సంకల్పంతో వస్తున్న రియాక్ట్ఓఎస్ అంతకన్నా ముందరి ఆల్ఫా దశలో ఉన్నది, దాన్ని ఒక సిస్టమ్ లోపలే మరొకదాన్ని నడిపే వర్చువల్‌బాక్స్‌లో చూసి ఆనందించడమే మంచిది. ఫ్రీబీఎస్‌డీ సర్వర్లకు గట్టిది, ఇంటి ల్యాప్‌టాప్‌కు మొదటి అడుగుగా నేను సూచించను.

పెన్‌డ్రైవ్ తయారీ

డిస్ట్రో సొంత వెబ్‌సైటు నుంచే ఐఎస్‌ఓ ఫైలును (సిస్టమ్ మొత్తాన్ని ఒకే ఫైలుగా కూర్చినది) దింపుకోండి. మింట్ అయితే దాదాపు 3 జీబీ ఉంటుంది, ఉబుంటు దానికి దాదాపు రెట్టింపు. దింపుకున్న ఫైలు చెక్కుచెదరకుండా వచ్చిందో లేదో చూసుకోవడాన్ని చాలామంది దాటవేస్తారు, ఆ తరువాత ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే సిస్టమ్‌ను నిందిస్తారు. 7-జిప్ ఉన్న కంప్యూటరులో ఆ ఫైలు మీద కుడి బటన్ నొక్కి ఎస్‌హెచ్‌ఏ-256 విలువను (ఫైలుకు వేలిముద్ర వంటిది) చూస్తే 64 అక్షరాల వరుస వస్తుంది. వెబ్‌సైటులో ఇచ్చిన వరుసతో అది అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి.

కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకొని, అందులోని ఫైళ్లను వేరే చోట దాచుకొని, రూఫస్ గానీ బలేనా ఎచర్ గానీ వాడి ఐఎస్‌ఓను దానిలోకి రాయండి. మామూలుగా కాపీ చేస్తే అది బూట్ కాదు. రెండు మూడు డిస్ట్రోలను పోల్చి చూడదలచినవారికి వెంటాయ్ ఇంకా అనువైనది. పెన్‌డ్రైవ్‌ను ఒక్కసారి వెంటాయ్‌తో సిద్ధం చేస్తే, ఆ తరువాత ఎన్ని ఐఎస్‌ఓ ఫైళ్లనైనా మామూలుగా కాపీ చేసుకొని, బూట్ అయ్యేటప్పుడు వచ్చే పట్టికలో కావలసినదాన్ని ఎంచుకోవచ్చు.

కంప్యూటరు ఆన్ చేయగానే బూట్ మెనూ మీట నొక్కాలి. లెనోవో, డెల్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్ పనిచేస్తాయి. బయోస్‌లో చేయి పెట్టే ముందు ఒక జాగ్రత్త తప్పనిసరి. డిస్కులోని ఫైళ్లకు తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఉన్నదేమో విండోస్ సెట్టింగులలో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. సెక్యూర్ బూట్ సెట్టింగును మార్చిన తరువాత విండోస్ ఆ కీని అడగవచ్చు, అది లేకపోతే సొంత ఫైళ్లే మనకు అందకుండా పోతాయి. మింట్, ఉబుంటు, ఫెడోరా, డెబియన్ సెక్యూర్ బూట్ ఉండగానే బూట్ అవుతాయి కనుక, చాలాసార్లు దాన్ని ముట్టుకోవలసిన పనే ఉండదు.

లైవ్ సెషన్‌లో ఏమేమి చూడాలి

పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఈ తాత్కాలిక రూపాన్ని లైవ్ సెషన్ అంటారు. మీరుగా ఇన్‌స్టాల్ గుర్తును తెరవనంత వరకు, డిస్కులోని ఫైళ్లను మీరుగా మార్చనంత వరకు, లోపలి డిస్కు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. తెర నల్లగా ఆగిపోతే మళ్ళీ బూట్ చేసి, మింట్‌లో కంపాటిబిలిటీ మోడ్‌ను, ఉబుంటులో సేఫ్ గ్రాఫిక్స్‌ను ఎంచుకోండి. ఎన్విడియా కార్డులున్న యంత్రాల్లో ఇది తరచుగా ఎదురవుతుంది, ఇన్‌స్టాల్ చేసి సరైన డ్రైవరు వేసిన తరువాత సాధారణంగా ఉండదు.

వైఫై కలిసిందా, శబ్దం వస్తున్నదా, వీడియో సమావేశంలో కెమెరా, మైకు పనిచేస్తున్నాయా, తెర వెలుతురు మీటలు పనిచేస్తున్నాయా, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కలుస్తున్నాయా అన్నవి పది నిమిషాల్లో తేలిపోతాయి. చాలామంది మరచిపోయే పరీక్ష ఒకటున్నది: ల్యాప్‌టాప్ మూత మూసి, ఐదు నిమిషాలు ఆగి, తెరిచి చూడడం. నా యంత్రం ఒకదానిలో అన్ని పరీక్షలూ నెగ్గిన సిస్టమ్ ఇక్కడ తడబడింది. మూత తెరిచాక టచ్‌ప్యాడ్ నిద్ర లేవలేదు. అదే యంత్రం మీద, కొత్త కెర్నల్ ఉన్న మరో డిస్ట్రోలో ఆ లోపం కనబడలేదు. ప్రింటరును కూడా అప్పుడే కలిపి ఒక పేజీ ముద్రించి చూడండి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు హెచ్‌పీలిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తాయి. మన ఆఫీసుల్లో, జిరాక్సు షాపుల్లో విరివిగా కనబడే క్యానన్ ఎల్‌బీపీ 2900 వంటి పాత ప్రింటర్లకు మాత్రం ప్రత్యేకమైన డ్రైవరు కావాలి, దాన్ని పనిచేయించడానికి ఓపిక ఉండాలి.

ఇక తెలుగు. చదవడంలో ఈనాడు ఏ సిస్టమ్‌కూ పెద్ద ఇబ్బంది లేదు, నోటో, లోహిత్ ఫాంట్లు చాలా డిస్ట్రోలలో ముందే ఉంటాయి లేదా సులువుగా వస్తాయి. పోతన, వేమన ఫాంట్లు, మండలి, రామభద్ర వంటివి కూడా డెబియన్, ఉబుంటు భాండారాల్లో ప్యాకేజీలుగా దొరుకుతాయి. చూడవలసినది టైపింగు. కీబోర్డు సెట్టింగులలో నేరుగా వచ్చే తెలుగు లేఅవుట్లతో పాటు, ఐబస్ అనే టైపింగు సాఫ్ట్‌వేర్‌లో ఎం17ఎన్ భాగాన్ని చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన, ఆర్‌టీఎస్ పద్ధతులు కూడా అందుతాయి. మీ వేళ్ళకు అలవాటైనది ఉన్నదో లేదో చూసి, "రాష్ట్రం", "లక్ష్మి", "జ్ఞానం" అని కొట్టండి, ఆపైన "సాఫ్ట్‌వేర్" అని కొట్టండి. టకారపు పొల్లు దగ్గర ఆగకుండా కింద వావత్తు వచ్చి "సాఫ్ట్వేర్" అయితే, ఆ లేఅవుట్‌లో పొల్లును విడిగా నిలిపే మీట ఎక్కడున్నదో వెతకాలి. రోజూ తెలుగు రాసేవారికి ఈ ఒక్క మీట లేకపోవడమే సిస్టమ్‌ను వదులుకోవడానికి చాలినంత కారణం.

పాత తెలుగు దస్తావేజులను లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో తెరిచి పుటల సంఖ్యను కూడా సరిచూసుకోండి. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మల ఫాంట్లు లినక్స్‌లో ఉండవు, వాటి బదులు మరో ఫాంటు వచ్చినప్పుడు వత్తుల కోసం వదిలే వరుసల మధ్య ఎడం మారి, పది పుటల దస్తావేజు పన్నెండు పుటలు కావచ్చు. ఇతరులతో ఇచ్చిపుచ్చుకునే దస్తావేజులైతే, అందరూ ఉచితంగా వేసుకోగల ఒకే ఫాంటుకు మారడం దీనికి నిలకడైన పరిష్కారం.

వారం రోజుల కాపురం

లైవ్ సెషన్ పెళ్ళిచూపుల వంటిది, అరగంటలో అన్నీ బాగానే కనబడతాయి. పైగా పెన్‌డ్రైవ్ వేగం తక్కువ కనుక సిస్టమ్ అసలు వేగం అందులో తెలియదు, కంప్యూటరు ఆపగానే మీరు చేసిన మార్పులన్నీ పోతాయి. అందువల్ల నచ్చిన సిస్టమ్‌ను ఒక విడి ఎస్‌ఎస్‌డీ మీద ఇన్‌స్టాల్ చేసి, యూఎస్‌బీ ద్వారా కలిపి, వారం రోజులు మీ పట్టికలోని పనులన్నీ దానిలోనే చేసి చూడమని నా సలహా. విండోస్ జోలికి వెళ్ళకుండా నిజమైన అనుభవం దొరుకుతుంది. ఒక మెలిక మాత్రం ఉన్నది. ఉబుంటు, మింట్‌ల ఇన్‌స్టాలర్లు సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్‌లోడరును బయటి డిస్కులో కాక లోపలి డిస్కులోని ఈఎఫ్ఐ విభాగంలో రాసిపెట్టిన సందర్భాలు ఉన్నాయి. వీలైతే ఇన్‌స్టాల్ చేసే సేపు లోపలి డిస్కును విప్పి పక్కన పెట్టండి.

వారంలో ఎన్నిసార్లు విండోస్‌లోకి తిరిగి వెళ్ళవలసి వచ్చిందో, ఎందుకు వెళ్ళారో రాసుకోండి. ఒకటి రెండు సార్లయితే ఈ సిస్టమ్ మీకు సరిపడినట్టే. రోజుకు రెండుసార్లయితే, దాన్ని ఎంత మెచ్చుకున్నా, ఇప్పటికి విండోస్‌ను తీసేయవద్దు.

పక్కపక్కన రెండు సిస్టమ్‌లు

ఒకే డిస్కులో రెండింటినీ ఉంచదలచినవారు మొదట ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్కులోకి కాపీ చేసుకొని, అవి అక్కడ తెరుచుకుంటున్నాయని చూసుకోవాలి. కొత్త సిస్టమ్‌కు చోటు కోసం డిస్కులోని విండోస్ విభాగాన్ని కుదించే పనిని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంటుతోనే చేయండి. ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయండి, అది ఉన్నంత కాలం విండోస్ పూర్తిగా మూతపడదు, లినక్స్ ఆ విభాగాన్ని చదవగలిగినా అందులో రాయలేకపోతుంది. ఇన్‌స్టాలరుకు డిస్కే కనబడకపోతే, బయోస్‌లో నిల్వ పద్ధతి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీలో ఉన్నదేమో చూడండి. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి, అయితే విండోస్‌ను అందుకు ముందుగా సిద్ధం చేయకుండా మారిస్తే అది బూట్ కాదు. విభాగాలు మారుతుండగా కరెంటు పోతే డిస్కు దెబ్బతింటుంది, కనుక ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా పెట్టుకోండి, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అయితే కోతల వేళ చూసుకొని మొదలుపెట్టండి.

లినక్స్‌లో పని ముగించి విండోస్‌లోకి వెళ్ళినప్పుడు గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోవడం చూసి మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిందనుకొని మార్పించినవారు ఉన్నారు. లోపం బ్యాటరీది కాదు. యంత్రపు గడియారంలో ఉన్నది అంతర్జాతీయ ప్రామాణిక సమయమని లినక్స్ భావిస్తుంది, స్థానిక సమయమని విండోస్ భావిస్తుంది. మనకూ గ్రీనిచ్‌కూ ఉన్న తేడాయే ఆ ఐదున్నర గంటలు. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో, యంత్రపు గడియారం స్థానిక సమయంలో ఉన్నదని ఒక్కసారి చెబితే సరిపోతుంది. మింట్ పెట్టుకున్నవారు తొలిరోజే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామును తెరిచి ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పటి స్థితి నకలు) తీసుకుంటే, తరువాత ఏ డ్రైవరో వేసి తెర పోగొట్టుకున్నా పాత స్థితికి రావచ్చు.

కొత్త ఎస్‌ఎస్‌డీ వేసుకొని దానిలోనే కొత్త సిస్టమ్‌ను పెట్టుకున్నవారికి ఈ తంటాలేవీ లేవు. తీసిన పాత డిస్కును తుడిచేయకుండా, దాని మీద తేదీ, బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ ఎక్కడ దాచారో గుర్తు రాసి, బీరువాలో పెట్టండి. ఎప్పుడైనా వెనక్కి రావలసి వస్తే ఆ డిస్కును మళ్ళీ బిగిస్తే చాలు. డిస్కు పాడైపోయినా, విండోస్ 10 డిజిటల్ లైసెన్సు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కనుక, అదే యంత్రం మీద అదే కూర్పును మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి నెట్‌కు కలిపినప్పుడు కీ కొనకుండానే యాక్టివేట్ అవుతుంది.